తొట్టెలకు తెర కట్టని సర్కారు

రెండేళ్ళు నిండని బిడ్డకు ఫైలేరియా మాత్ర వెయ్యరు. వెయ్యకూడదు కూడా. సామూహిక పంపిణీ నాడు గడప ఎక్కిన ఆశా కార్యకర్త ఇంటిల్లిపాదికీ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించి, గర్భిణిని, తీవ్రంగా జబ్బుపడినవారిని, తొట్టెలలోని పసిబిడ్డను విడిచి వెళ్తుంది. నియమమే అది, ఆమెను తప్పుపట్టే పని లేదు. ఇక డెంగీ. మన సార్వత్రిక టీకాల పట్టికలో దానికి టీకా లేదు, ఆ వైరస్‌ను చంపే మందు అసలే లేదు. ఈ రెండు జబ్బుల నుంచీ ఆ బిడ్డకున్న రక్ష దోమ కుట్టకుండా చూసుకోవడం ఒక్కటే. ఆ పని ఎవరిదని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ కార్యాలయం మెట్లెక్కి అడిగినా సూటిగా జవాబు రాదు. వైద్యశాఖ పంచాయతీ పేరు చెబుతుంది. పంచాయతీ నిధుల్లేవంటుంది. మున్సిపాలిటీ ఫాగింగ్ చేయించామంటుంది. చివరికి ఆ భారం తల్లి మీద పడుతుంది. ఆమె కిరాణా కొట్టుకు వెళ్ళి దోమల కాయిల్ కొనుక్కొస్తుంది.

చేయవలసింది ఏమిటో తెలిసి, చేయడానికి చట్టం ఉండి, ఖర్చు కొద్దిపాటిదే అయి కూడా చేయకపోవడం పసివాళ్ళ పట్ల నేరం. ఈ ఆరోపణ ఒక్క పార్టీ మీదో, ఒక్క ప్రభుత్వం మీదో కాదు. వరసగా వచ్చిన అన్ని ప్రభుత్వాల మీదా.

ఏటా వానాకాలంలో జ్వరాలు ముదిరి, ఆస్పత్రుల్లో మంచాలు చాలడం లేదని పత్రికల్లో వచ్చాక వీధుల్లోకి ఫాగింగ్ యంత్రం దిగుతుంది. డీజిల్‌లో 5 శాతం మలాథియాన్ వంటి పురుగుమందు కలిపి, వేడెక్కించి వదిలే పొగ అది. ఎగురుతూ ఎదురుపడిన దోమను మాత్రమే చంపుతుంది. నీళ్ళలోని గుడ్డు జోలికీ, లార్వా జోలికీ పోదు. వారం పది రోజులు తిరిగేసరికి ఆ నీళ్ళలోంచే కొత్త దోమలు రెక్కలు విప్పుకుంటాయి. పైగా డెంగీని మోసే ఈడిస్ దోమ వీధిలో ఉండదు. మంచం కింద, దండెం మీది బట్టల వెనుక, బీరువా చాటున చీకటిగా ఉన్నచోట వాలి ఉంటుంది. పొగ బండి వస్తున్న చప్పుడు వినగానే జనం తలుపులు వేసుకుంటారు, దోమ లోపల భద్రంగా ఉంటుంది. ఫాగింగ్ అన్నది జబ్బు ప్రబలినప్పుడు వాడే అత్యవసర సాధనమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన జాతీయ నియంత్రణ కార్యక్రమం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాయి. అయినా మన మున్సిపాలిటీలు దాన్నే ప్రధాన కార్యక్రమంగా పెట్టుకున్నాయి. పొగ కంటికి కనిపిస్తుంది, ఫొటోకు దొరుకుతుంది. మోరీలో పూడిక తీసిన పని దొరకదు.

వీధిలో సర్కారు పొగ ఆగాక ఇంట్లో మరో పొగ మొదలవుతుంది. చైనా, మలేసియాల్లో అమ్మే కాయిల్స్‌ను పరీక్షించి 2003లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలేసరికి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత సూక్ష్మధూళి వెలువడుతుందని అందులో తేలింది. పెద్దవాళ్ళు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తే, పుట్టిన బిడ్డ ముప్పై నుంచి అరవై సార్లు తీస్తుంది. తలుపులేసిన గదిలో, నేలమీద పక్కలో, ఆ కాయిల్‌కు అందరికంటే దగ్గరగా పడుకునేదీ ఆ బిడ్డే. కాయిల్‌కన్నా చవకని ఊళ్ళల్లో ఇప్పుడు దోమల అగరుబత్తులు అమ్ముతున్నారు. ఏ పురుగుమందైనా కేంద్ర సంస్థ వద్ద నమోదు కాకుండా అమ్మడానికి వీల్లేదని 1968 నాటి పురుగుమందుల చట్టం చెబుతోంది. నమోదు సంఖ్య లేని, లోపల ఏ మందు ఎంతుందో రాయని బత్తీల కట్టలు సంతల్లో, కిరాణా కొట్లలో బహిరంగంగా దొరుకుతున్నాయి. వీటిని పట్టుకోవలసిన తనిఖీ అధికారులు ఎరువుల దుకాణాల దాకా వచ్చి ఆగిపోతున్నారు.

రసాయనం వద్దనుకున్న ఇళ్ళల్లో వేపాకు పొగ పెడతారు, సాంబ్రాణి వేస్తారు, కర్పూరం వెలిగిస్తారు. ఆ తల్లుల ఆరాటం అర్థం చేసుకోదగినదే. అయితే ఆకు కాలినా పొగ పొగే, పసివాళ్ళ ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదు. కర్పూరం పొరపాటున బిడ్డ నోట్లోకి పోతే మూర్ఛలు వస్తాయి. కొబ్బరినూనెలో కలిపి ఒంటికి రాయడం కూడా పసికందులకు మంచిది కాదు. ఒంటికి పూసే దోమల మందులు రెండు నెలలలోపు బిడ్డకు వాడొద్దని, నిమ్మ యూకలిప్టస్ నూనె మూడేళ్ళలోపు వద్దని పిల్లల వైద్యులు చెబుతారు. ప్లగ్గులో పెట్టే ద్రవం సీసా పాకే బిడ్డ చేతికి అందితే అదో ప్రమాదం. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి తెర, జాలీ, మూత, ఇంకుడు గుంత. వేటికీ వాసన లేదు, పొగ లేదు. వీటిని ఇంటింటికీ చేర్చడం ఒక్క తల్లి చేతిలో ఉండే పని కాదు.

ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో దోమ ఎక్కడినుంచి వస్తుందో విడివిడిగా చూడాలి. పాలమూరు (మహబూబ్‌నగర్) వర్షాధారపు మెట్ట. నీళ్ళు తక్కువ కాబట్టి దోమలు తక్కువుండాలని ఎవరైనా అనుకుంటారు. జరుగుతున్నది దానికి విరుద్ధం. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో ప్రతి ఇల్లూ నీళ్ళు దాచుకుంటుంది. సిమెంటు గోళెం, ప్లాస్టిక్ డ్రమ్ము, వాకిట్లో హౌజు, పశువుల కుడితి తొట్టి, కోళ్ళకు పెట్టిన చిప్ప. ఈడిస్ దోమకు కావలసింది సరిగ్గా ఇలాంటి తేట నీళ్ళే. అది గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు అతికిస్తుంది. గోళెం ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. నీళ్ళు పారబోసినంత మాత్రాన సరిపోదు, వారానికోసారి గోడను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. శుక్రవారం డ్రై డే అని గోడల మీద రాయించిన అధికారులు ఈ ఒక్క సంగతి ఎందుకు రాయించలేదు? ఇంటింటికీ రోజూ శుద్ధమైన నీరు అన్న వాగ్దానానికి 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ నిలబెట్టారు. ఆ నీళ్ళు వేళకు, నమ్మకంగా వచ్చిన రోజున గోళేల అవసరం తగ్గుతుంది, దాంతోపాటు ఈడిస్ కూడా తగ్గుతుంది. మంచినీటి సరఫరా అధికారి కూడా డెంగీకి జవాబుదారే. ఈ మాట జిల్లా సమీక్షా సమావేశాల్లో వినిపించాలి.

నల్లగొండ వైపు కథ వేరు. హైదరాబాద్ మురుగంతా మోసుకుని మూసీ వలిగొండ, కేతేపల్లి మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ ఒడ్డున గుర్రపుడెక్క కింద, మురుగు నిలిచిన కాలువల్లో పెరిగేది క్యూలెక్స్ దోమ. అది రాత్రిపూట కుడుతుంది, ఫైలేరియాను మోస్తుంది. మూసీ తీరంలోనే కాదు, సెప్టిక్ ట్యాంకు ఉన్న ప్రతి ఊళ్ళోనూ అది ఉంది. మరుగుదొడ్లు కట్టించాం, మంచిదే. వాటి గాలిగొట్టాల చివర రూపాయల్లో దొరికే నైలాన్ జాలీ ముక్క కట్టించడం మాత్రం చాలాచోట్ల మరిచాం. ఆ గొట్టంలోంచే ప్రతి సాయంత్రం దోమలు బయటికొస్తాయి.

ఫైలేరియా ఒక్క కాటుతో అంటుకునేది కాదు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి పడ్డ కాట్లతో సోకుతుంది. చాలామందికి చిన్నతనంలోనే సోకి, కాలు వాయడం ఎప్పుడో పెద్దయ్యాక మొదలవుతుంది. బోదకాలు బాధితులకు రాష్ట్రం 2018 నుంచి పింఛను ఇస్తోంది. 2019లో దాన్ని నెలకు 2,016 రూపాయలకు పెంచింది. అంటే మనిషికి ఏడాదికి 24,192 రూపాయలు. ఆ పింఛను న్యాయమైనది, ఇంకా పెంచాలి. కానీ వాచిన కాలికి ఇంత ఇచ్చే సర్కారు, వాయకముందు ఆ పసికాలిని కాపాడే తెరకు కొన్ని వందల రూపాయలు ఎందుకు పెట్టదు? దేశం నుంచి 2027 నాటికి ఫైలేరియాను తరిమేస్తామని కేంద్రం చెప్పుకున్న గడువు ముంచుకొచ్చింది. మాత్ర వెయ్యకూడని వయసు బిడ్డల గురించి ఆ లక్ష్యంలో ఒక్క మాట కావాలి.

డెంగీలోనూ పసివాళ్ళకు ప్రత్యేకమైన ముప్పుంది. తల్లికి గతంలో డెంగీ సోకి ఉంటే ఆమె నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు మొదటి నెలల్లో బిడ్డను కాస్తాయి. ఆరు నెలల తర్వాత అవి పలచబడి, కాపాడేంత ఉండక, ఉన్న కొద్దిపాటివే జబ్బును మరింత తీవ్రం చేస్తాయి. ఆరు నుంచి తొమ్మిది నెలల బిడ్డకు డెంగీ ప్రాణాంతకం కావడానికి ఇదొక కారణమని వైద్యశాస్త్రం చెబుతోంది. సరిగ్గా ఆ వయసులోనే బిడ్డ గొడుగు తెరలో పట్టకుండా పెరిగి, నేలమీద పాకడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక మంచి పనిని కూడా చెప్పుకోవాలి. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బులు, బట్టలతోపాటు పసిబిడ్డకు దోమతెర కూడా పెట్టారు. బిడ్డకు దోమతెర ఇవ్వడం రాజ్యం బాధ్యతేనని ఒప్పుకున్న సందర్భం అది. కిట్ మీద ఎవరి బొమ్మ ఉండాలన్న వాదులాట మాకు అక్కర్లేదు. సర్కారు దవాఖానలో పురుడు పోసుకున్నవాళ్ళకే అది అందింది, కొద్ది నెలలకే ఇరుకైంది అన్నదే మా ఫిర్యాదు. ఎవరు అధికారంలో ఉన్నా, కిట్ పేరు ఏదైనా, పుట్టినప్పుడు ఒక చిన్న తెర, ఆరు నెలలు నిండాక తల్లీబిడ్డలు కలిసి పడుకునేంత పెద్ద తెర ఇవ్వాలి. టీకా వేయించడానికి తల్లి ఎలాగూ వస్తుంది, ఆ కార్డు మీదే రాసి ఇవ్వొచ్చు.

పిల్లలు పగలంతా ఉండేది అంగన్‌వాడీల్లో. ఈడిస్ కుట్టేది పగలే, ముఖ్యంగా పొద్దెక్కే వేళ, పొద్దు వాలే వేళ. మధ్యాహ్నం భోజనం పెట్టి పిల్లల్ని చాపల మీద పడుకోబెట్టే గది కిటికీలకు జాలీ ఉందా? అద్దె గదుల్లో నడిచే కేంద్రాల సంగతి సరే, సొంత భవనాలకైనా ఉందా? బరువు తూచే యంత్రం, ఎత్తు కొలిచే బద్ద, ఆటవస్తువులు అన్నీ నివేదికల్లో ఉంటాయి. జాలీకి గడే లేదు. ఈ పనికి ఢిల్లీ నుంచి ఆదేశాలు రానక్కర్లేదు, జిల్లా కలెక్టరు ఒక్క సంతకంతో చేయించగలరు.

ఊళ్ళో లేని పాలమూరు పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. గుంపు మేస్త్రీ వెంట హైదరాబాద్‌కో, ముంబయికో, పుణేకో పోయిన కూలీల చంటిపిల్లలు కట్టుబడి పక్కన, రెండు గుంజల మధ్య చీర తొట్టెలలో ఊగుతుంటారు. పక్కనే సిమెంటు తడపడానికి కట్టిన నీళ్ళు, లిఫ్టు గుంతలో నిలిచిన నీళ్ళు, ఇటుకల తొట్లు. ఈడిస్‌కూ, పట్టణ మలేరియా దోమకూ ఇంతకంటే అనువైన చోటు ఉండదు. యాభైమందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు ప్రత్యేకంగా గది ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్ శాసించింది. ఆ గదులు ఎక్కడున్నాయో కార్మికశాఖ చూపించాలి. చీర తొట్టెల మీద నాలుగు గజాల తెర కప్పించడం కోట్ల రూపాయల బిల్డర్‌కు భారమా?

2018 పంచాయతీరాజ్ చట్టం పారిశుద్ధ్యాన్ని పంచాయతీల తప్పనిసరి విధిగా చేసింది. 2019 సెప్టెంబరు 6న మొదలైన ముప్పై రోజుల ప్రణాళికతో ఊళ్ళల్లో కొంత కదలిక వచ్చింది, కాదనలేం. ఆ ఏడాదే డెంగీ రాష్ట్రాన్ని వణికించింది. అక్టోబరులో హైకోర్టు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని పిలిపించి నిలదీయవలసి వచ్చింది. ఆ తర్వాత ఏం నేర్చుకున్నాం? 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు తీరింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా రెండు వానాకాలాలు ప్రత్యేకాధికారులతోనే గడిచాయి. ఒక్కో అధికారి నెత్తిన మరెన్నో పనులు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ప్రత్యేకించినవి. అంటే దోమల పనికి కేటాయించిన డబ్బే నిలిచిపోయింది. ఎన్నికలు ఆలస్యం చేసిన పెద్దలు దీనికి జవాబు చెప్పాలి.

ఇదంతా కాని పని అనేవాళ్ళకు సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌ను చూపిస్తాం. అక్కడ ఉపాధి హామీ పనుల కింద ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వారు. బట్టలుతికిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు వీధి మోరీలోకి రాకుండా పెరట్లోనే ఇంకిపోయాయి. దోమలు తగ్గిన ఊరిగా దానికి పేరొచ్చింది, చూడడానికి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. ఇంకాస్త దూరం వెళ్తే పుదుచ్చేరి. 1981 నుంచి 1985 దాకా అక్కడి వెక్టర్ కంట్రోల్ రిసెర్చ్ సెంటర్ మురుగు కాలువలు బాగుచేసి, గుంతలు పూడ్చి, ఫైలేరియా దోమను ఎలా తగ్గించవచ్చో ఒక పట్టణం పట్టణాన్నే తీసుకుని నిరూపించింది. జాంజిబార్ దీవిలోని మకుందుచిలో 1988లో మరుగుదొడ్ల గుంతల్లో థర్మాకోల్ పూసలు పోశారు. నీటిపైన తేలే ఆ పొర కింద లార్వాకు ఊపిరాడలేదు, దోమ గుడ్లు పెట్టడానికి చోటు లేకపోయింది. సామూహికంగా మాత్రలు కూడా ఇచ్చారు. దోమకాట్లు 90 శాతానికి పైగా పడిపోయాయి. పాడుబడ్డ బావుల్లో గంబూసియా చేపలు వదలడం మన మలేరియా విభాగానికి పాత విద్యే. (చెరువుల్లో, వాగుల్లో మాత్రం వద్దు, అవి మన నాటు చేపల సంతతిని మింగేస్తాయి.) దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాద్‌లో. నల్లగొండకు ఆ చోటు వంద కిలోమీటర్ల దూరం. ఆయన కూడా ఆ తర్వాత ఊరూరా చెప్పింది నిలవ నీటిని తొలగించే దళాలు పెట్టమనే.

తెర కట్టుకుంటే గాలి ఆడదని, ఎండాకాలం కరెంటు పోతే ఉక్కపోతకు బిడ్డ నిద్రపోదని తల్లులు అంటారు. నిజమే, నల్లగొండ ఎండలు తెలిసినవాళ్ళెవరూ ఆ మాట కొట్టిపారేయరు. అందుకే కిటికీ జాలీ ముఖ్యం. గది మొత్తాన్ని తెరగా మార్చేది అదే. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఐదు లక్షలు విడతలుగా ఇస్తోంది. కిటికీలకు, గాలిగొట్టానికి జాలీ బిగించినట్టు చూశాకే చివరి విడత విడుదల చేయాలి, ఆ ఖర్చును అదనంగా ఇవ్వాలి. పేదవాడి ఇల్లు కట్టేటప్పుడే ఈ పని చేస్తే, తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఆ ఇంట్లో పుట్టే పిల్లలందరికీ కాపుదల.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. తెర రాత్రికే అనుకోవద్దు, బిడ్డ పగలు నిద్రపోయినా కట్టండి. చదరపు అంగుళానికి 156 కన్నాలుండే నేతను అడిగి కొనండి. అంచులు పరుపు కిందికి దోపండి. బిడ్డ చెయ్యి తెరకు ఆనితే దోమ బయటినుంచే కుడుతుంది, కాస్త ఎడం ఉండేలా కట్టండి. సాయంత్రం వాకిట్లో కూచోబెట్టేటప్పుడు లేతరంగు, వదులైన నిండు చేతుల చొక్కా వేయండి. గోళేనికి మూత గానీ, గట్టిగా బిగించిన పాత చీర గానీ వేయండి. ఇంకుడు గుంతను ఏటా పూడిక తీయండి, లేకపోతే అదే దోమల గుంత అవుతుంది. జ్వరం వస్తే సొంతంగా మాత్రలు కొనకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి.

కొత్తగా గెలిచిన సర్పంచులు రాబోయే గ్రామసభలో ఫాగింగ్ యంత్రం కొనుగోలు తీర్మానాన్ని పక్కనపెట్టి, ఊళ్ళో ఎన్ని గాలిగొట్టాలకు జాలీ లేదో, ఎన్ని హౌజులకు మూత లేదో ఇంటింటా లెక్క తీయించాలి. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల కలెక్టర్లు తొలకరి పడేలోగా ప్రతి అంగన్‌వాడీ కిటికీకీ జాలీ బిగింపజేసి, కేంద్రాలవారీగా ఆ లెక్కను ప్రజల ముందు పెట్టాలి. వైద్య ఆరోగ్య శాఖ మంత్రి ఐదేళ్ళలోపు ప్రతి బిడ్డకు దోమతెర ఇచ్చే పద్దును ఈ బడ్జెట్‌లోనే చేర్చాలి.